చక్రాల ఇంటికి కొన్న పైపు

మా చెల్లె కూతురు లావణ్యా, దాని మొగుడూ కలిసి ఈ మధ్య ఒక పాత వ్యాను కొని దాన్ని ఇల్లు చేసుకున్నారు. లోపల మడత మంచం, చిన్న గ్యాసు పొయ్యి, ఒక అద్దం, సీటు కింద నీళ్ళ ట్యాంకు. సెలవులు దొరికితే చాలు, ఇంటిని తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతారట. ఉన్న ఇంటికి తాళం వేసి ఇంకో ఇంటిని వెంటబెట్టుకుపోవడంలో సరదా ఏమిటో నాకు అర్థం కాదు గాని, పిల్ల ముచ్చట పడుతుంటే మధ్యలో నేనెవరినని ఊరుకున్నాను. దారిలో నల్లా కనిపించిన చోట ట్యాంకు నింపుకోవడానికి ఒక పైపూ, దాని మూతులకు బిగించే సామానూ కావాలని గోదావరిఖని బజారుకు బయల్దేరుతూ నన్ను కూడా స్కూటీ ఎక్కించుకుంది. షాపాయన ముందు తోటలకు వాడే ఆకుపచ్చ పైపు చుట్ట దించాడు. దాని మూతి ముక్కు దగ్గర పెట్టి చూసి పక్కన పెట్టేశాను. తరువాత లోపలి నీళ్ళు కనిపించే పల్చని పైపు చూపించాడు. ఎండ తగిలితే నెల తిరక్కుండా లోపల పాచి పడుతుందని అదీ వద్దన్నాను. చివరికి పైన నీలంగా, లోపల తెల్లగా, తాగే నీళ్ళకని చేసిన పైపు అటక మీదనుంచి తీయించి, రెండుగా మడిచి వదిలి, మడత గుర్తు నిలిచిందో లేదో చూశాను. మూతులు ఇత్తడివే ఇమ్మన్నాను, ప్లాస్టిక్ మర నాలుగు నెలల్లో అరిగి చేతికొస్తుందని దబాయించాను.

"అమ్మా, మీరు పైపుల కంపెనీల గిట్ల పనిచేసిన్రా?" అన్నాడు షాపాయన.

జీవితమంతా పిల్లలకు ఎక్కాలు చెప్పిన పంతులమ్మను నేను. లావణ్య పడీపడీ నవ్వింది. "నీకెట్ల తెలుసు పెద్దమ్మా గివన్ని?" అంది. "మా బాపు నేర్పిండు" అన్నాను. అక్కడిదాకా నిబ్బరంగానే ఉన్నాను. అప్పుడు షాపాయన కత్తి చేతిలోకి తీసుకుని, "ఎన్ని ఫీట్లు కొయ్యమంటరమ్మా?" అని అడిగాడు. నేను గల్లాబల్ల అంచు పట్టుకుని వంగిపోయాను. ఎండదెబ్బ అనుకుని లావణ్య స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టి, నీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

మా బాపు, అంటే మా నాన్న, బొగ్గు గనిలో పంపు ఫిట్టరు. గనిని మేము బాయి అనేవాళ్ళం. బొగ్గుబాయి కింద ఊరే నీళ్ళను పైకి తోడే పంపులూ వాటి పైపులూ ఆయన చేతి మీద నడిచేవి. బాయి కింద నీళ్ళతో అంత పోరాడే మనిషి ఇంటికొస్తే మా లైనులో నీళ్ళకు కటకట. ఎనిమిది క్వార్టర్ల లైను మాది, ఒకదాని గోడ ఇంకొకదానికి ఆనుకుని, ఒక గది, ఒక వసారా చొప్పున. లైను మొదట్లో ఒకే ఒక్క నల్లా. పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగినాక నీళ్ళొచ్చేవి, మంచాలెత్తి వాకిళ్ళు ఊడ్చేసరికి ధార సన్నగిల్లేది. అప్పటికి ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుంపటి వెలిగించి పెట్టి ఉండేది. పచ్చిబొగ్గు పొగంతా పోయి ఎర్రగా కణకణలాడినాక గాని దాన్ని లోపలికి తీసుకుపోయేవారు కాదు. ఆ పొగలో, కళ్ళు నులుముకుంటూ, బిందెలు చంకన పెట్టుకుని ఆడవాళ్ళు నిలబడేవారు. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చిబొగ్గు రాజుకున్న వాసన వస్తే నా చెయ్యి బిందె కోసం వెతుకుతుంది.

నల్లా దగ్గర కొట్లాటలు లేకుండా మా లైనుకు ఒక కట్టుబాటు ఉండేది. ఇంటికొక రాయి. పొద్దుగూకేముందు రేపటి వరుసలో ఆ రాళ్ళను పేర్చిపెట్టేవారు. ఇవాళ ముందున్న రాయి రేపు చివరికి పోతుంది, మిగిలినవి ఒక్కో జాగా ముందుకు జరుగుతాయి. మా రాయికి నడుమ తెల్ల చార ఉండేది. చివరి క్వార్టరు లస్మక్కది విసుర్రాయి విరిగిన ముక్క. జైనబీ వాళ్ళది ఎర్ర ఇటుక. ఇటుక రాయెట్లా అవుతుందని మా అవ్వ ఆమెను ఏడిపించేది. అవ్వ అంటే మా అమ్మ, మా వైపు తల్లిని అట్లాగే పిలుస్తాం. మనుషులు ఎంత తిట్టుకున్నా సరే, ఒకరి రాయి ఇంకొకరు ముట్టుకునేవారు కాదు.

లస్మక్క భర్త ఓదెలు కాక బాయిలో పైకప్పు విరిగి మీద పడి నడుము పోగొట్టుకున్నాడు. బాపూ ఆయనా ఒకే షిఫ్టు. ఆ రోజు ఆయన్ను స్ట్రెచర్ మీద పైకి మోసుకొచ్చినవాళ్ళలో బాపు ఒకడు. దవాఖానా నుంచి పంపించేశాక ఓదెలు కాక మంచం మీదే ఉండేవాడు. ఆయన్ను రోజూ కడగాలి, తుడవాలి, పక్కబట్టలు ఉతకాలి. నీళ్ళు మా అందరికన్నా ఆమెకే ఎక్కువ కావాలి, నల్లా మా అందరికన్నా ఆమెకే దూరం. మనిషిని ఒంటరిగా వదిలి వరుసలో నిలబడలేక సగం రోజులు ఆమె వంతు దాటిపోయేది. మేము తలా ఒక బిందె పోసేవాళ్ళం. పోసినప్పుడల్లా లస్మక్క తల దించుకునేది, అది చూడలేక బాపు ఇంట్లోకి వచ్చేసేవాడు.

ఆ ఎండాకాలం మా లైను పక్క ఖాళీ జాగాలోకి ఒక చక్రాల ఇల్లు వచ్చింది. భూమికి బోర్లు వేసి ఎక్కడ ఎంత బొగ్గుందో చూసే క్యాంపు ఇంజనీరుది. లారీకి తగిలించుకుని లాక్కొచ్చి, చక్రాల కింద ఇటుకలు పెట్టి నిలబెట్టారు. తలుపూ కిటికీలూ తెరలూ, అన్నీ ఉన్న ఇల్లు. మా లైనంతా పోయి చూసి వచ్చింది. సారుకు పిల్లల్లేరు. భార్య పేరు సుశీల. మావాళ్ళంతా ఆమెను దొరసాని అనేవారు. నన్ను మాత్రం అక్కా అని పిలవమంది. ఏ ఊరు మీది అని అడిగితే "బండి ఎక్కడ ఆగితే అదే మా ఊరు" అని నవ్వేది. అది ఎంత నిజమో నాకు తరువాత తెలిసింది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. బడి వదలగానే పుస్తకాల సంచి ఇంట్లో పడేసి ఆ చక్రాల ఇంటికి పరుగెత్తేదాన్ని. గోడలోంచి దిగే బల్ల, బల్ల పైకి లేపితే దాని వెనక అద్దం, మంచం కింద పుస్తకాలు. పౌడరు వాసన, ఏలకులేసిన చాయ వాసన. మా ఇంట్లో బాయి నుంచి తెచ్చిన బట్టల తడి వాసన, గ్రీజు వాసన ఉండేవి. నేను ఆ ఇంట్లోకి అడుగుపెట్టేముందు పాదాలు రెండుసార్లు తుడుచుకునేదాన్ని. సుశీలక్క నాకు జడ విప్పి దువ్వి, నీలం రిబ్బను పెట్టి మళ్ళీ అల్లేది. అల్లుతూ ఏదో ఒకటి అడిగేది, నేను చెబుతూ పోయేదాన్ని. నా మాట అంత శ్రద్ధగా విన్న పెద్దవాళ్ళు అప్పటికి ఇద్దరే. ఒకరు బాపు, రెండో మనిషి ఆమె.

ఆ ఇంటికి అడుగున నీళ్ళ ట్యాంకు ఉండేది. క్యాంపు లారీలో డ్రమ్ములతో తెచ్చే నీళ్ళు చాలడం లేదని, మా నల్లా నుంచి పైపు వేసుకుంటామని సారు అడిగాడు. అడగకుండా వేసుకున్నా కాదనేవాళ్ళు లేరు, అయినా అడిగాడు. ఆడవాళ్ళు నల్లా దగ్గర చేరారు. వంతు లేకుండా రోజూ మొదటి ధార వాళ్ళకు పోతే మా సంగతేమిటని జైనబీ గట్టిగా అంది. సుశీలక్క మెట్టు దిగి వచ్చింది.

"ఈ ఎండాకాలం వరకే కదమ్మా. మేం వెళ్ళేటప్పుడు ఆ పైపు మీకే వదిలేస్తాం."

అప్పుడు ముందుకొచ్చింది నేనే. "అక్క మాటిచ్చిందంటే మాటే. పైపుంటే లస్మక్క గోలెం దాక నీళ్ళు పోతయి. ఆమె నిలబడే పనే ఉండదు" అన్నాను. గోలెం అంటే ప్రతి వాకిట్లో ఉండే పెద్ద నీళ్ళ తొట్టి. అందరూ లైను చివరికి చూశారు. లస్మక్క గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే, ఒప్పుకున్నారు. ఒక పిల్ల మాట మీద ఎనిమిది ఇళ్ళ వరుస రాళ్ళు ఒక జాగా వెనక్కి జరిగాయి.

పైపు ఎంచే పని సారు బాపుకు అప్పగించాడు. మర్నాడు బాపు సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని రామగుండం స్టేషన్లో మంచిర్యాల బండి ఎక్కాడు. పోయేముందు నల్లా దగ్గరనుంచి చక్రాల ఇంటి దాకా అడుగులో అడుగు వేసి కొలిచాడు. నలభై. ఆ తరువాత ఏమీ ఎరగనట్టు చేతులు వెనక్కి కట్టుకుని, నల్లా నుంచి లస్మక్క వాకిలి దాకా నడిచి వచ్చాడు. రైలు గోదావరి బ్రిడ్జి మీదికి ఎక్కాక, ఆ చప్పుడులో నా చెవి దగ్గరికి వంగాడు.

"వంద ఫీట్లు తీస్కుందాం బిడ్డ. మోరీ కాల్వ సుట్టు తిప్పి వెయ్యాలె, లేకుంటే బండ్లు తొక్కుతయని సారుకు జెప్పిన. సరే అన్నడు. వాళ్ళకు నలభై సాలు. మిగిలిన అరవై మన ఓదెలు కోసం. వాళ్ళు పోయినంక మొత్తం వంద ఉంటెనే ఆయన గోలెం దాక అందుతది."

"మరి సారుకు తెలిస్తే?"

"ఎవలు జెప్తరు? నాకెరుక, నీకెరుక." కళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని బొగ్గు చారతో నవ్వాడు. "ఇది మనిద్దరి మధ్యనే."

ఇంట్లో అవ్వకు కూడా చెప్పని విషయాలు బాపు నాతో చెప్పేవాడు. పెద్దపిల్లనని కాదు, అడక్కుండా ఉండగలనని. ఏ పంపుకు ఏ రోగమొచ్చింది, ఫోర్‌మన్ ఏమన్నాడు, రేపు ఏ ఉపాయంతో దాన్ని నడిపిస్తాడు, అన్నీ అన్నం తింటూ నాకు వినిపించేవాడు. ఆ రోజు బ్రిడ్జి మీద ఆయన రహస్యం నా చెవిలో పడ్డప్పుడు నాకు కలిగినంత గర్వం తరువాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

మంచిర్యాల బజారులో సేటు కొట్టు ముందు బాపు చేసిన తతంగం చూసి జనం ఆగారు. పైపు మూతి వాసన చూశాడు. కర్రకు తెల్ల గుడ్డ చుట్టి లోపలికి తోసి లాగి, నలుపు అంటిందా చూశాడు. రెండు పైపులు అట్లాగే పోయాయి. మూడోదానిలో నీళ్ళు పోయించి, రెండు మూతులూ కట్టి ఎండలో పెట్టించి, నన్ను తీసుకుపోయి ఇరానీ హోటల్లో చాయ తాగించాడు. తిరిగి వచ్చాక ఆ నీళ్ళు గ్లాసులోకి వంచి నాకిచ్చాడు. "నువ్వు తాగి చెప్పు. నాది బొగ్గు తిన్న నాలుక, నాకు తెల్వది." రబ్బరు వాసన వేస్తుందని చెప్పాను. సేటు నెత్తి కొట్టుకున్నాడు. నాలుగో పైపు నీళ్ళు ఏ వాసనా లేకుండా, మా నల్లా నీళ్ళలా ఉన్నాయి. "ఇదే" అన్నాడు బాపు.

మూతులు మాత్రం బజారులో దొరకలేదు. కంపెనీ నల్లా మర వేరు, ట్యాంకు మర వేరు. బాయి వర్క్‌షాపులో బాపు స్నేహితుడొకాయన ఇత్తడి దిమ్మె నుంచి రెండు మూతులూ లేతు మీద చేసిపెట్టాడు. బదిలీ మీద కొత్తగూడెం పోయేముందు ఆయన చేసిన ఆఖరు పని అది. రబ్బరు వాషరు ఎండకు చీలుతుందని బాపు పంపు తోలు కోసి వాషర్లు చేసి, ఆముదంలో నానబెట్టాడు. మొదటిరోజు పైపు బిగించి నల్లా తిప్పితే ఒక్క చుక్క కారలేదు. సారు బాపు భుజం తట్టాడు. లైనంతా వచ్చి ఆ పైపును వేలితో ముట్టి చూసింది. మోరీ చుట్టూ తిప్పి వేసిన ఆ పైపు మెలికలు తిరిగి చక్రాల ఇంటి పక్కన పడుకుని ఉండేది. ఓదెలు కాక మంచాన్ని గుమ్మం దాకా జరిపించుకుని దానివైపు చూసేవాడని లస్మక్క చెప్పేది. "ఎన్ని దినాలకు పోతరంట బిడ్డా దొరసానోళ్ళు?" అని నన్ను అడిగేది. ఆ అడగడంలో ఉన్న ఆశకు నాకే సిగ్గేసేది. నా అక్క వెళ్ళిపోవాలని కోరుకుంటున్నట్టు అనిపించేది మరి.

నేను చెప్పేశాను. దాన్ని ఎంత చుట్టు తిప్పి చెప్పినా ఇంతే. ఒక మధ్యాహ్నం సుశీలక్క జడ అల్లుతూ, "మీ నాన్నకు పని బాగా తెలుసు" అంది. నా తండ్రిని అంత చదువుకున్న మనిషి మెచ్చుకుంటే నేను ఆగుతానా? ఆయన ఇంకెంత గొప్పవాడో ఆమెకు తెలియాలి కదా! నలభై అడుగుల సంగతీ, మోరీ సంగతీ, బ్రిడ్జి మీద బాపు చెవిలో చెప్పిన మాటా, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె చేతులు నా జడలో ఒక్క క్షణం ఆగాయి. తరువాత నవ్వింది. "గట్టివాడే మీ నాన్న" అని రిబ్బను ముడి బిగించింది. నేనూ నవ్వాను. ఇద్దరం మంచి స్నేహితుల్లా నవ్వుకున్నామని అనుకున్నాను.

వానలు పడకముందే ఒకరోజు బడి నుంచి వస్తే ఖాళీ జాగా ఖాళీగానే ఉంది. ఇటుకలున్నాయి, చక్రాల గుర్తులున్నాయి, ఇల్లు లేదు. వెళ్తున్నామని ముందురోజు కూడా ఒక్క మాట అనలేదు ఆమె. నల్లా దగ్గర లైనంతా గుమిగూడి ఉంది. షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన బాపు, ఒళ్ళంతా బొగ్గుతో, మధ్యలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు చక్కగా చుట్టిన పైపు. దానికి ముడివేసి ఉన్నది సుశీలక్క నాకు కట్టే నీలం రిబ్బను. బాపు పైపు కొస చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడుముతున్నాడు. మూతి లేదు. కత్తితో తెగ్గోసిన అంచు. రెండో కొసా బోడిదే. వాళ్ళ నలభై అడుగులు కొలిచి కోసుకుని, రెండు ఇత్తడి మూతులూ దానికే పెట్టుకుని తీసుకుపోయారు.

"నేను అడిగిన భయ్యా," అంది జైనబీ బాపుతో. "గిదేంది దొరసానీ, మొత్తం ఇస్తమంటిరి గదా అన్న. ఆమె ఏమన్నదో ఎరుకేనా? 'మీకోసమని ఎక్కువ కొన్న పైపు మీకే ఉంచినం, మా కొలత మేం తీస్కపోతున్నం, మీ ఫిట్టరుకు చెప్పండి' అన్నది. మాకైతే సమజ్ కాలే. ఎక్కువ కొనుడేంది?"

బాపు తలెత్తాడు. అంతమందిలో నన్ను వెతికి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో లెక్క సరిచూసుకుని, సరిపోయిందన్నట్టు ఒక్కసారి చూసి కళ్ళు దించుకున్నాడు. ఆ విషయం తెలిసినవాళ్ళం ఇద్దరమే కదా.

ఎవరో ఆ చుట్ట విప్పి లైను వెంబడి పరిచారు. అది సరిగ్గా ఐదో క్వార్టరు గడప దగ్గర ఆగింది. ఐదోది మాది. "సూడున్రి, ఫిట్టరు ఇంటి దాక సక్కగ వచ్చింది" అంది ఒకామె. ఎవరూ ఆమెను కాదనలేదు. అవ్వ ముఖం పాలిపోయింది. జరిగింది చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. సారును మాయచేసి లైను కోసం పైపు సంపాదించబోయాడు మా బాపు, నేను పాడుచేశాను అంటే చాలు. నేను అవ్వ వెనక్కి పోయి నిలబడ్డాను.

బాపు లేచి నిలబడ్డాడు. "నేనే కొలత తప్పిన. మీరు నన్ననున్రి, ఇంకెవల్నీ అనకున్రి" అన్నాడు. పైపు చుట్టుకుని ఇంట్లోకి తెచ్చి గోడకు కొట్టిన మేకుకు తగిలించాడు. ఇనుప తీగతో నల్లాకు బిగించుకుంటే మా వాకిట్లోకి నీళ్ళొచ్చేవే. ఒక్కరోజు కూడా ఆ పని చెయ్యలేదు, చెయ్యనివ్వలేదు. కొత్త మూతులు చేసిచ్చే మనిషి కొత్తగూడెంలో ఉన్నాడు. చేసిచ్చినా ఆ పైపు చివరి ఇంటి దాకా ఎట్లాగూ పోదు.

నేను రిబ్బను కుంపట్లో వేశాను. అది నిప్పులో ముడుచుకుపోతుంటే ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. ఎన్నో ఏళ్ళు తిట్టాను. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, బడిలో ఏ పిల్లకైనా నీలం రిబ్బను కనిపించినప్పుడల్లా తిట్టాను. మాట తప్పిందని కూడా అనడానికి లేకుండా మాట నిలుపుకుని పోయిన మనిషి ఆమె. పైపు వదిలేస్తానంది, వదిలేసింది. నా నోటి నుంచి విన్నదాన్నే కొలబద్దగా పట్టి కోసింది. వెళ్తున్నామని ముందే చెప్పి ఉంటే ఆ పైపు కోసం నేను ఆమె కాళ్ళు పట్టుకునేదాన్ని. అది తెలిసే చెప్పలేదేమో. అంత మోసం నాకు మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

వాళ్ళు వెళ్ళిపోయిన మర్నాటి నుంచి బాపు డ్యూటీ దిగి రాగానే, ఒళ్ళు కూడా కడుక్కోకుండా, కావడి భుజానేసుకుని బోరింగు దాకా పోయి లస్మక్క గోలెంలో నీళ్ళు పోసేవాడు. అక్కడికి మైలు దూరం. రెండో రోజు నేనూ బిందె తీసుకుని వెంట నడిచాను. "వద్దు బిడ్డ, నేను మోస్త" అన్నాడు. మెల్లగానే అన్నాడు. మూడో రోజూ అంతే అన్నాడు. నాలుగో రోజు నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. చలికాలం వచ్చేసరికి ఓదెలు కాకను ఎడ్లబండిలో పడుకోబెట్టుకుని వాళ్ళు తమ ఊరికి వెళ్ళిపోయారు. పోతూ లస్మక్క నా గదవ పట్టుకుని, "నీ తప్పేమున్నది బిడ్డ, పెద్దోళ్ళ మాట నమ్మినవ్" అంది. వరుసలోంచి ఆమె విసుర్రాయి ముక్కను ఎవరూ తియ్యలేదు. కొత్తవాళ్ళు వచ్చేదాకా అక్కడే ఉండి, దాని వంతుకు అది ముందుకొస్తూ, వెనక్కి పోతూ ఉండేది. దాని వంతు వచ్చిన రోజు జైనబీ దాని పేర ఒక బిందె పట్టి లైను వేపచెట్టుకు పోసేది.

బాపు నన్ను ఏమీ అనలేదు. నేను అన్నం పెడితే తిన్నాడు, పరీక్ష పాసయితే మిఠాయి తెచ్చాడు, పంతులమ్మ ట్రైనింగుకు పంపించాడు. కాని అన్నం తింటూ పంపుల సంగతి చెప్పడం మానేశాడు. కొన్నాళ్ళకు చెల్లెతో చెప్పడం మొదలుపెట్టాడు. నేను గదిలోకి వస్తే గొంతు కొంచెం తగ్గేది, అంతే. వేరే ఇంట్లో అయితే ఎవరూ గమనించరు. నేను గమనించాను. ఆయన ఆఖరు రోజుల్లో, మంచం పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తుతూ ధైర్యం చేశాను.

"బాపూ, ఆ పైపు సంగతి... అక్కకు జెప్పింది నేనే."

"ఏ పైపు బిడ్డ?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరిచిపోయాడో, నన్ను కాపాడాడో ఇప్పటికీ తెలియదు. ఆమె చేసిన మోసానికి నేను బాధపడడం తేలిక. అందుకే ఇన్నేళ్ళూ దాన్నే పట్టుకు వేలాడాను. బాపు ఎవరి చేతిలో మోసపోయాడన్న లెక్క తీస్తే అక్కడ ఆమె పేరు రాదు. ఆమె ఎవరు ఆయనకు?

ఇప్పుడు మా కాలనీలో ఇంటింటికీ నల్లా. నల్లా దగ్గర రాళ్ళు పెట్టేవాళ్ళమంటే లావణ్య నమ్మదు. ఎవరి నీళ్ళు వాళ్ళవే అయ్యాక ఎవరి వంతు ఎంతన్నది ఎవరికీ పట్టదు. అది మంచిదే, ఆ పొగలో అట్లా నిలబడే రోజులు ఎవరికీ వద్దు. అయినా లస్మక్క లేనప్పుడు ఆమె రాయి ముందుకు జరగడం చూసిన కళ్ళు నావి. ఒక్కోసారి మా వీధిలో ఎవరింట్లో ఎవరు మంచం మీద ఉన్నారో కూడా తెలియదని గుర్తొస్తే చిన్నబోతాను.

షాపులో నేను తేరుకున్నాక లావణ్య నా పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. షాపాయన లోపలికి పోయాడు, ఇత్తడి మూతులు వెతకడానికి. దాని మొగుడు అప్పుడే ఫోన్ చేశాడు, ముప్పై అడుగులు చాలు, ఎక్కువ కొనకు అని. ఫోన్ పెట్టేసి లావణ్య అటూ ఇటూ చూసింది. నా చెవి దగ్గరికి వంగింది. దాని కళ్ళలో నవ్వు. అది అచ్చంగా మా బాపు నవ్వు, వాళ్ళమ్మకు వచ్చింది, దానికి వచ్చింది, నాకు రాలేదు.

"పెద్దమ్మా, నేను ఎందుకు పొడుగు పైపు తీస్కుంటున్ననో నీకొక్కదానికే చెప్త. ఆయనకు చెప్పొద్దు మల్ల..."

నేను దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"నాకు చెప్పకు బిడ్డ" అన్నాను.